నూనె తాంబాలంల నా చెంప

నా బిడ్డ ఇంటికి ఎవరన్న కొత్తోళ్లు వస్తే చాలు, చాయ గిలాస చేతికిచ్చి ఒక్కటే ముచ్చట మొదలువెడ్తది. "మా బాపు నన్ను మొట్టమొదట చూసినప్పుడు ఏం చేసిండో ఎరుకేనా? అవ్వో అని ఒర్రిండట." వచ్చినోళ్లు నన్ను కిందికెల్లి మీది దాక చూస్తరు. ఆడపిల్ల పుట్టిందని ఒర్రిండు గావచ్చు, గీ ముసలోడు గసొంటోడా అని వాళ్ల కండ్లల్ల కనబడ్తది. అయ్యలారా, అవ్వలారా, నేను గసొంటోణ్ణి గాదు. ఒర్రింది నిజమే. నూనె తాంబాలం తన్నింది నిజమే. పంతులు చెప్పులిడిసి ఉరికింది గూడ నిజమే. కని ఎందుకు ఒర్రిననో ఇయ్యాల మీకు చెప్త. నవ్వేది ఉంటే నవ్వుండ్రి, నా దిక్కుకెల్లి మాత్రం నా బిడ్డకు జర సాచ్చెం చెప్పుండ్రి.

గప్పుడు నేను మంచిర్యాల టేషన్ల పార్సల్ గుమాస్తాను. నైజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ అయ్యి, మా దిక్కు ఎన్నడు చూడని వస్తువులు రైలు దిగుతున్న కాలం. పార్సల్ ఆఫీసుల కూసున్నోనికి లోకంల ఉన్న సామానంత ముందుగాల తనకే ఎరుక అన్న గర్వం ఒకటి ఉంటది. నాకు జర ఎక్కువనే ఉండె.

నా భార్య సుశీల మొదటి కాన్పుకు నిర్మల్ల తల్లిగారింటికి పోయింది. అక్కడ బిడ్డ పుట్టింది. నేను సంచి సదురుకొని బస్సెక్కబోతుంటే కబురొచ్చింది, రావద్దని. పొల్ల పుట్టిన నచ్చత్రం తండ్రికి మంచిది కాదట. ఇరవయ్యొక్కటి దినం దాక నేను పొల్ల మొకం చూడొద్దు. ఆ దినం గూడ సక్కగ చూసుడు లేదు. కంచు తాంబాలంల నూనె పోసి, గా నూనెల పొల్ల నీడ చూసినంకనే మొకం చూడాలె. మా కులం పద్ధతి అది. నేను పార్సల్ ఆఫీసుల కూసోని, వచ్చిన మూటలను చూసుకుంట, నా బిడ్డ ముక్కు ఎట్లుంటదో అని తండ్లాడుతుంటి. పార్సల్ మీద పేరన్న రాసి ఉంటది, నాకు గదీ లేదు.

మా అవ్వ పోయి పొల్లను చూసొచ్చింది. ఆమెకు నచ్చత్రం అడ్డం లేదు. వచ్చి కాళ్లు గడుక్కోకముందుకే చెప్పింది.

"పొల్ల బంగారమే కొడుకా. కని సుశీల పరేషాన్ల ఉన్నది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాయి లెక్క అయినయ్. జరమొచ్చింది. పొల్ల నోటికి అందుతలేదు. మీ అత్త తవుడు కాపడం పెడుతుంది."

"తవుడేందవ్వా? గీ కాలంల తవుడా?" అన్న నేను. నా గర్వం లేచింది.

"మరి ఏం పెట్టాలెరా? నీ రైలు బొగ్గు పెట్టాల్నా?" అని అవ్వ లోపటికి పోయింది.

నేను టేషన్కు ఉరికి, గార్డు యూసుఫ్ భాయిని పట్టుకున్న. యూసుఫ్ భాయి నలుగురైదుగురు పిల్లల తండ్రి, సికింద్రాబాదుకు పోయొస్తుండే మనిషి. విషయం ఎట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. బాలింత అన్న, జరమన్న, గడ్డ అన్న, ఇగ నోరు మూసుకున్న. ఆయన నవ్విండు.

"సమజైంది మియా. ఫికర్ నక్కో. గాజుదొకటి వస్తది. మా ఇంట్ల గూడ తెచ్చిన. ముందుగాల బుడ్డ దబాయించాలె, గట్టిగ ఒత్తాలె, తర్వాత పెట్టాలె, ఇడిసిపెట్టాలె, గంతే. మళ్ల తీసేటప్పుడు..."

గప్పుడే బండి కూత వేసింది. యూసుఫ్ భాయి జెండ ఊపుకుంట ఎక్కిండు. తీసేటప్పుడు ఏం చెయ్యాల్నో ఆయనతోనే కాజీపేట దిక్కు పోయింది. నేను దాని మీద ఫికర్ చెయ్యలే. పెట్టినోనికి తీసుడు రాదా అనుకున్న.

యూసుఫ్ భాయి మాట తప్పలే. ఆయన తెచ్చిన అట్టపెట్టెల గాజు పంపు ఉన్నది. ముందట గరాటు లెక్క మూతి, నడుమ పాలు పడెటందుకు చిన్న ఉబ్బు, ఎనుక ఎర్రటి రబ్బరు బుడ్డ. దాంతోని పౌడరు డబ్బ, పక్క తడవకుంట పరిచే రబ్బరు గుడ్డ, ఉన్ని టోపి గూడ తెప్పిచ్చిన. మా అవ్వ తన దిక్కుకెల్లి పాతచీరెల బొంత, ఆముదం సీస, వసకొమ్ము, ఉగ్గుగిన్నె కట్టి ఇచ్చింది. రెండు మూటలు సంకల పెట్టుకొని, ఖానాపూర్ మీదికెల్లి దుమ్ముల దుమ్మై, ఇరవయ్యొక్కటి ముందటి పొద్దు నిర్మల్ల దిగిన.

ఇగ మా మామ సంగతి చెప్పాలె. ఆయన సర్కారు టీకాలాయన. బండి గట్టుకొని ఊరూరు తిరిగి, జొన్నచేన్లల్ల దాసుకున్న జనాన్ని పట్టుకొచ్చి, మశూచి రాకుంట జబ్బలకు టీకాలేసుడు ఆయన కొలువు. మశూచిని మా దిక్కు తల్లి పోసింది అంటరు. నాకు పిల్లనిచ్చేటప్పుడు ఆయన నా జాతకం అడగలే, అంగి తియ్యమన్నడు. జబ్బ మీద టీకా మచ్చ సరిగ లేదని అక్కడ్నే కూసోబెట్టి తానే ఏసిండు. పెండ్లిబట్టల కంటె ముందు నాకు అత్తగారింటి నుంచి వచ్చింది గా టీకానే. గసొంటి మనిషి ముంగట నేను నోరు తెరిస్తే నోట్లె గూడ ఏమన్న ఏస్తడని భయం.

నాకు ముంగటి అర్ర ఇచ్చిన్రు. సుశీల, పొల్ల లోపటి అర్రల. నడుమ వాకిలి. తెల్లారినంక తానం చేసి, మంగలితోని గడ్డం నున్నగ గీపిచ్చుకొని, పంతులు పిలిచిందాక కూసున్న. లోపటికెల్లి పొల్ల ఏడుపు వినబడ్డది. మొదటిసారి విన్న. పిల్లి కూన తీరు సన్నగ ఉన్నది. నా పానం ఆగలే. ఆకలితోని ఏడుస్తుందేమో, సుశీలకు నొస్తుందేమో, నా దగ్గర మందున్నది, ఇచ్చే తొవ్వ లేదు.

అట్టపెట్టె తీసిన. పంపు చేతుల పట్టుకొని ఆలోచన చేసిన. ఇది సుశీలకు నేను ఇయ్యలేను, ఆమెతోని ఒక్కణ్ణి మాట్లాడనియ్యరు. అత్తకియ్యాలె. అత్త ఎట్ల వాడాలె అని అడుగుతది. నేను చెప్పాలె. చెప్పాలంటే నాకు ఎరుకుండాలె. అసలు నొస్తదా, నొయ్యదా? బాలింతకు ఇచ్చే సామాను ముందుగాల మనం చూడొద్దా? ఇంత తెలివి నాకు ఎవలు నేర్పిన్రో ఇప్పటికి తెల్వది.

అరచేతికి పెట్టిన, పట్టలే. ముంజేతికి పెట్టిన, వెంట్రుకలల్లకెల్లి గాలి పోయింది. మెత్తగ, నున్నగ ఉండే జాగ ఏదున్నదా అని చూస్తే, అప్పుడే గీపిచ్చుకున్న నా ఎడమ చెంప యాదికొచ్చింది. బుడ్డ దబాయించిన. చెంపకు ఆనిచ్చిన. ఇడిసిన. అయ్యలారా, గాజు మూతి నా చెంపను లోపటికి గుంజుకున్నది. నేను చెయ్యి తీసేసిన. పంపు నా మొకానికి తనంత తాను నిలబడ్డది. నాకు మస్తు సంబురమైంది. సామాను అంటే గిది సామాను అనుకున్న. నొస్తలేదు, జర గుంజుతుంది గంతే. ఇంకింత సేపు చూద్దామని గట్లనే కూసున్న, కొత్తగ కొమ్మొచ్చిన దూడ తీరు.

"అయ్యా, పంతులు కూసున్నడు, రాండ్రి," అని దర్వాజ అవతలికెల్లి అత్త పిలిచింది.

నేను పంపు పట్టుకొని గుంజిన. రాలే. ఇంక గుంజిన. చెంప వస్తుంది గని పంపు వస్తలేదు. బుడ్డ దబాయిస్తే ఊడుతదని యూసుఫ్ భాయి చెప్పకముందుకే బండి పోయిందిగదా. దర్వాజ మళ్ల కొట్టిన్రు. మంచం పట్టె మీద కాలు ఆనిచ్చి రెండు చేతులతోని గుంజితే టప్పుమని ఊడింది.

"గా సప్పుడేందయ్యా?" అన్నది అత్త.

"ఏం లేదు, పెట్టె మూసిన."

పంపును బొంత కింద దాసిన. చెంప జర ఏడిగ ఉన్నది. అర్రల అద్దం లేదు. ఉన్నా చూసేటోణ్ణి కాదు, గంత తొందరల ఉన్న. సలికాలం గదా, మఫ్లరు నెత్తికి, చెంపలకు చుట్టుకొని బయటికొచ్చిన.

వాకిట్ల ముగ్గేసి తాంబాలం పెట్టిన్రు. పేరంటానికి వచ్చిన ఆడోళ్లు గోడపొంటి కూసున్నరు. మామ తెల్ల అంగి ఏసుకొని కుర్సీల ఉన్నడు. పంతులు నన్ను తాంబాలం ముంగట కూసోబెట్టిండు. ఎనుకకెల్లి గజ్జెల సప్పుడైంది. సుశీల వచ్చి నా భుజం ఎనుక నిలబడ్డది. పసుపు వాసన, సాంబ్రాణి వాసన వచ్చింది. పొల్ల శ్వాస నా చెవు దగ్గర వినబడ్తుంది.

"ఎనుకకు తిరగొద్దు," అన్నడు పంతులు. "నెత్తి మీది గుడ్డ తీసి, వంగి నూనెల చూడు. ముందుగాల నీ మొకం కనబడ్తది, తర్వాత పొల్ల మొకం. నిమ్మలంగ చూడు."

మఫ్లరు తీసిన. వంగిన. నూనె కదలకుంట నిలబడ్డది. గా నూనెల ఒక మొకం మెల్లగ తేలింది. ఎడమ చెంప మీద జొన్నరొట్టె బిళ్లంత గుండ్రటి మచ్చ, అంచులు నల్లగ, నడుమ వంకాయ రంగు. నచ్చత్రం దోషమంటే గిదేనా, నేను చచ్చిపోతున్ననా అనుకున్న.

"అవ్వో!" అని ఒర్రిన. నిర్మల్ బజార్ దాక వినబడ్డదట. ఎనుకకు దుంకిన. మోకాలు తగిలి తాంబాలం బోర్లపడ్డది. నూనెంత ముగ్గుల పారింది. పొల్ల ఉలిక్కిపడి ఏడ్సుడు మొదలువెట్టింది. నేను ఆమె మొకం నీడ గూడ చూడలే.

"ఏం కనబడ్డది?" అన్నడు పంతులు. ఆయన సంచి దగ్గరికి గుంజుకున్నడు.

నాకు అప్పుడు వెలిగింది, గది పంపు చేసిన పని అని. చెంప మీద చెయ్యి అడ్డం పెట్టుకున్న. "ఏం లేదు," అన్న.

"ఏం లేకుంటె ఎందుకు ఒర్రినవ్?"

నేను చెంపను ఇంక గట్టిగ ఒత్తి పట్టుకున్న. అత్త సుశీలను, పొల్లను పట్టుకొని లోపటికి తీస్కపోయింది. మామ కుర్సీలకెల్లి లేచి వచ్చిండు.

"అల్లుడా, చెయ్యి తియ్యి."

"ఏం లేదు మామా."

"తియ్యి."

తీసిన. మామ మొకం తెల్లగైంది. ఎనుక ఎవరో ఆడామె "తల్లి పోసింది" అన్నది. గంతే, గోడపొంటి కూసున్నోళ్లు ఎప్పుడు లేచిన్రో, ఎటు పోయిన్రో, వాకిట్ల ఒక్కరు లేరు. పంతులు సంచి పట్టుకొని చెప్పులిడిసి గల్లీలకు ఉరికిండు.

మామ నన్ను ముంగటి అర్రలకు తోలిండు. దర్వాజకు యాపకొమ్మ కట్టమని కేకేసిండు. నాలిక చూసిండు, నొసలు చూసిండు, జబ్బ చూసిండు. జబ్బ మీద ఆయన ఏసిన టీకా మచ్చ నిగనిగలాడుతుంది.

"నేనేసిన టీకా మీద తల్లి లేస్తదా?" అన్నడు. నా పానం కంటె ఆయనకు గదే ఎక్కువ నొచ్చింది. "జిల్లంత తిరిగిన. ఒక్కటే పొక్కు, గింత గుండ్రంగ, గిన్నెతోని కోసినట్టు, నేనెన్నడు చూడలే. కొత్త రకం లెక్కున్నది. ఇంకో జబ్బ తియ్యి."

"మామా, జర ఆగుండ్రి..."

ఆగలే. రేకుపెట్టె తెరిచి, సూది తీసి, కుడిజబ్బకు గుచ్చనే గుచ్చిండు. ఇప్పటికి నాకు రెండు జబ్బలకు టీకా మచ్చలుంటయ్, కావాల్నంటే చూపిస్త.

"పొక్కు ఎండి, పెచ్చు రాలిందాక గీ అర్ర దాటొద్దు. పొల్ల దిక్కు రావద్దు," అన్నడు.

"ఎన్ని దినాలు మామా?"

"నేను చెప్పినన్ని దినాలు."

నేను నోరు మూసుకునే ఉందును. నిజం చెప్పుడు కంటె తల్లి పోసుడే నయం అనిపించింది. తల్లి పోస్తే జనం అయ్యో అంటరు. పాలపంపు మొకానికి పెట్టుకున్నడు అంటే ఏమంటరు? పెచ్చు రాలిందాక యాప మండలల్ల పడుకొని, మానం దక్కిచ్చుకొని ఇంటికి పోదామనుకున్న. గట్లనే అయిపోవునేమో, లోపటికెల్లి సుశీల గొంతు రాకుంటె.

"ఆడపొల్ల అయితే ఏమైతదవ్వా?" అని ఏడుస్తుంది. "గింత మంచిగున్నది. మొకం చూసి గట్ల ఒర్రుతడా? నేను ఎన్ని దినాల నుంచి చూస్తున్న, ఎప్పుడొస్తడా, ఎప్పుడు చూస్తడా అని."

ఆమె అట్లనుకుంటదని నాకు తోచనే లేదు. నా మానం సంగతి నేను చూసుకుంటుంటే, అక్కడ నా బిడ్డ తండ్రికి పనికిరానిదైంది. మంచం మీదికెల్లి లేచిన.

"మామా, ఇది తల్లి గాదు. నేనే చేసుకున్న."

"ఎట్ల?"

"గాజు సామాను ఒకటి పెట్టుకున్న."

"ఎందుకు?"

"పనిజేస్తదా లేదా అని."

"ఏం పని?"

పక్కన నిర్మల్ బొమ్మలు పెట్టిన గూడు ఉన్నది. గా గూట్లె కట్టెచిలుక గూడ నా దిక్కే చూస్తున్నట్టు అనిపించింది.

"పాలు తీసే పని," అన్న.

మామ నా మొకం చూసిండు. నా ఛాతి చూసిండు. మళ్ల మొకం చూసిండు.

"నీకా?"

"సుశీలకు, మామా. పాలు గడ్డకట్టి జరమొచ్చిందని అవ్వ చెప్పింది. నొస్తదేమో అని ముందుగాల నేను చూసుకున్న." బొంత కిందికెల్లి పంపు తీసి ఆయన చేతుల పెట్టిన. గట్టిగ, లోపటి అర్రకు వినబడేటట్టు అన్న, "నేను పొల్లను చూసి ఒర్రలే. నూనెల నా మొకం చూసి ఒర్రిన. పొల్లను నేను ఇంక చూడనే లేదు."

లోపట ఏడుపు ఆగింది.

మామ పంపును కిందమీద చూసిండు, బుడ్డ పిసికిండు. అది పుస్సుమన్నది. దర్వాజల అత్త వచ్చి నిలబడ్డది. ఎనుక సుశీల ఉన్నది గావచ్చు, చీరె కొంగు కనబడ్తుంది. కిటికీ అవతల చెప్పుల కోసం తిరిగొచ్చిన పంతులు తొంగిచూస్తుండు.

"గీ గింత గాజు గంత మచ్చ చేస్తదా? ఉత్తముచ్చట," అన్నడు పంతులు. "తల్లిని దాసిపెడుతుండు. పొల్ల దిక్కు రానియ్యకుండ్రి."

మామ గొంతు సవరిచ్చుకున్నడు. "నేను సర్కారు మనిషిని. పరీక్ష చేసి చెప్త," అన్నడు. నున్నటి జాగ కోసం ఆయన ఎతుకుడు అక్కెర లేకపోయింది, నెత్తి మీద వెంట్రుకే లేదు. నేను వద్దు మామా అనేలోపట్నే బుడ్డ దబాయించి, నెత్తి నడుమ ఆనిచ్చి ఇడిసిండు.

పంపు నెత్తి మీద నిటారుగ నిలబడ్డది. మామ చేతులు ఎనుక కట్టుకొని, టీకాలకు వరుస కట్టినోళ్లను చూసినట్టు అందరిని చూసుకుంట నిలబడ్డడు. ఆయన జర తల ఊపిండు. ఎర్రబుడ్డ గూడ ఊగింది.

ముందుగాల నవ్వింది సుశీల. కొంగు నోట్లె కుక్కుకున్నది, ఆగలే. తర్వాత అత్త. పంతులు కిటికీ చువ్వలు పట్టుకొని కిందికి జారిండు. మామ మాత్రం నవ్వలే. "గుంజుతుంది. నొస్తలేదు," అని సర్కారుకు చెప్పినట్టు చెప్పిండు. తీయబోతే రాలే. గప్పుడు నేను ముందుకు పోయి, నా జన్మల మొదటిసారి తెలివితోని, గుంజకుంట బుడ్డ దబాయించిన. ఊరికే ఊడొచ్చింది. మామ నెత్తి నడుమ నా చెంప మీదున్నసొంటిదే ఇంకో వంకాయ బిళ్ల తేలింది.

"తల్లి గాదు," అన్నడు మామ పంతులుతోని. "మళ్ల నూనె పొయ్యుండ్రి."

పోసిన్రు. వంగిన. ముందుగాల నా చెంప కనబడ్డది. ఈసారి ఒర్రలే. దాని పక్కపొంటి, నా భుజం మీదికెల్లి, పిడికిలంత మొకం మెల్లగ నూనెల దిగింది. కండ్లు మూసుకున్నది. ముక్కు మా అవ్వది. నోరు తెరిచి ఆవులిచ్చింది, మళ్ల మూసుకున్నది. నా కంట్ల నీళ్లు జారి నూనెల పడ్డయ్. మొకం కదిలిపోయింది.

"కనబడ్డదా?" అన్నడు పంతులు.

"జర ఆగుండ్రి, ఇంకోసారి," అన్న. నూనె నిలిచిందాక ఆగి, మళ్ల చూసిన.

తర్వాత సుశీల పొల్లను నా ఒళ్లె పెట్టింది. నవ్వి నవ్వి ఆమెకు పాలు చేపి రైక తడిసిపోయింది. నేను మెల్లగ అడిగిన, గడ్డలు ఎట్లున్నయ్, జరం తగ్గిందా అని.

"మీ అవ్వ ఇక్కడికెల్లి పోయిన తెల్లారే తగ్గినయ్," అన్నది సుశీల. "తవుడు కాపడంతోని."

నేను తెచ్చిన పంపు బాలింతకు ఒక్కసారి గూడ అక్కెర పడలే. లోకంల దాన్ని వాడినోళ్లు ఇద్దరమే, నేను, మా మామ. గా మచ్చలు పోయిందాక ఆయన నెత్తికి రుమాలు చుట్టుకొని టీకాలెయ్య పోయిండు. నేను చెంపకు మఫ్లరు చుట్టుకొని పార్సళ్లు తీసుకున్న. యూసుఫ్ భాయి నన్ను చూసి, పన్ను నొస్తుందా మియా అని అడిగిండు. అవునన్న.

ఇప్పుడు నా బిడ్డ బాలింత. మొన్న అల్లుడు పాలసీసలు, పీకలు, ఇంకేమేమో డబ్బలు ఏసుకొని వచ్చిండు. నేను దర్వాజ కాడ ఆపి, ముందుగాల ఆయన రెండు చెంపలు, తర్వాత నొసలు మంచిగ చూసి, అప్పుడు లోపటికి రానిచ్చిన. ఎందుకు చూస్తున్ననో పాపం ఆయనకు తెల్వది, నా బిడ్డ మాత్రం లోపట పొట్ట పట్టుకొని నవ్వుతుంది. గా నవ్వు సాచ్చిగ, కంచు తాంబాలం సాచ్చిగ, రెండు జబ్బల టీకాల సాచ్చిగ ఒట్టు పెట్టి చెప్తున్న. బాలింత సామాను ఏది చేతికొచ్చినా నా ఒంటి మీద పరీక్ష చెయ్యను. ఒకవేళ పానం ఆగక చేసినా, అద్దం చూసుకోకుంట అర్ర దాటను.